చందా కట్టి వినే రేడియో



గత నెలలో కువైట్ నుండి ఒక సహోదరుడు మాకు ఫోను చేశాడు. మా పోలవరం ప్రాంతపు బిడ్డే. "అయ్యగారూ, నాన్న పోయాక అమ్మ ఇంట్లో ఒక్కతే ఉంటోందండి. చూపు ఆనక బైబిలు చదువుకోలేకపోతోంది. నెలనెలా డబ్బు కడితే ఆకాశంలోంచి వచ్చే రేడియో ఏదో ఉందంటున్నారు. రోజంతా పాటలు, వాక్యం వింటుంది. పెట్టించమంటారా?" అని అడిగాడు. ఈ ప్రశ్న అతనొక్కడిదే కాదు. బిడ్డలు దూరదేశాల్లోను, తల్లిదండ్రులు ఇంటిదగ్గర ఒంటరిగాను ఉన్న కుటుంబాలు మన సంఘాల్లో చాలా ఉన్నాయి. అందుకే ఈ నెల ఈ సంగతే వ్రాస్తున్నాము.

రేడియోకు డబ్బు కట్టడం మనకు కొత్త కాదు. మన తండ్రుల కాలంలో రేడియో ఉన్న ఇంటివారు ఏటేటా పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకునేవారు. 1980ల మధ్యలో ప్రభుత్వం ఆ రుసుము ఎత్తివేసింది. 1948 డిసెంబరు 1న మొదలైన ఆకాశవాణి విజయవాడ కేంద్రాన్ని ఆ తరువాత మన పల్లెలు పైసా కట్టకుండానే వింటూ వచ్చాయి.

ఇక ఉపగ్రహ రేడియో మన దేశానికి వచ్చింది, వెళ్ళిపోయింది కూడా. ఇథియోపియాలో పుట్టిన నోవా సమారా అనే ఆయన 1990లో వరల్డ్‌స్పేస్ అనే సంస్థను స్థాపించాడు. ఆ సంస్థవారి ఆసియాస్టార్ ఉపగ్రహం 2000 మార్చిలో ఆకాశానికి ఎక్కింది. భూమికి సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తునుండి అది పంపే ధ్వనిని ప్రత్యేకమైన రేడియో సెట్టు అందుకునేది. దాని యాంటెన్నాను ఉపగ్రహం ఉన్న దిక్కుకు తిప్పి పెట్టాలి, మధ్యలో చెట్టూ కొండా అడ్డు ఉండకూడదు. తొలి రోజుల్లో ఉచితంగా వినిపించి, తరువాత చందా పెట్టారు. తెలుగువారికోసం స్పందన అనే ఛానెలు ఉండేది.

అందులో మంచి లేకపోలేదు. ఎఫ్.ఎం. కేంద్రాల ధ్వని కొంతదూరం వెళ్ళి ఆగిపోతుంది. పాపికొండల నడుమ ఉన్న ఊళ్ళవంటి చోట్లకు అసలే అందదు. ఆకాశంనుండి వచ్చేదానికి పట్నం, పల్లె అనే తేడా లేదు. బరబర శబ్దం లేదు. వ్యాపార ప్రకటనల గోల తక్కువ. వినేవాడు డబ్బు కడుతున్నాడు గనుక, సబ్బు అమ్మేవాడికోసం కాక వినేవాడికోసమే కార్యక్రమం చేసే వీలుంటుంది. ఇది న్యాయమైన మాటే. అమెరికాలో ఇప్పటికీ ఎందరో తమ కార్లలో చందా కట్టి ఉపగ్రహ రేడియో వింటున్నారు.

అయితే 2008 అక్టోబరులో వరల్డ్‌స్పేస్ సంస్థ దివాలా రక్షణకోసం అమెరికా కోర్టుకు వెళ్ళింది. 2009 డిసెంబరు 31తో మన దేశంలో ఆ ప్రసారాలు నిలిచిపోయాయి. ఆ సంస్థ చందాదారుల్లో అత్యధికులు మన దేశస్థులే. వారి ఇళ్ళలో సెట్లు మిగిలాయి, పాట మిగలలేదు. ఆ సెట్టు వేరే కేంద్రాలను పట్టలేనిదైతే బల్లమీద బొమ్మే అయింది. గోపురం కట్టదలచినవాడు ముందుగా ఖర్చు లెక్క చూసుకోవాలని మన ప్రభువు నేర్పించాడు (లూకా 14:28). చందా అనేది ఒకనాటి ఖర్చు కాదు. మనం కట్టడం మానినా, వారు నడపడం మానినా స్వరం ఆగిపోతుంది.

రెండవ కొరత మన గోదావరివారికి బాగా తెలుస్తుంది. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను వచ్చిన వరదలు మనం మరువలేము. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. ఆ అంకె వింటేనే దిగువనున్న మనం బియ్యం, గొడ్డూగోదా మెరకకు చేర్చుకుంటాము. దేశాలన్నిటికీ కలిపి పాటలు పంపే ఉపగ్రహానికి మన ఏటి సంగతి ఏమి పట్టింది? పైగా ఈనాటి డిష్ సిగ్నల్ జోరువానలో తెగిపోతుంది, కరెంటు పోతే పెట్టె పలకదు. సెల్ టవరు ఆగితే ఫోనూ అంతే. కనుక ఏ చందా కట్టినా కట్టకపోయినా, బ్యాటరీలతో పలికే చిన్న ట్రాన్సిస్టరు ప్రతి ఇంట ఉండనివ్వండి.

ఈనాడు ఉపగ్రహంద్వారా రేడియో వినాలంటే చందాతో పనిలేని దారి కూడా ఉంది. దూరదర్శన్‌వారి ఫ్రీ డిష్ పెట్టించుకుంటే, ఒకసారి డిష్, పెట్టె కొన్న ఖర్చే గాని నెలనెలా కట్టేది లేదు. టీవీలోనే ఆకాశవాణి తెలుగు ప్రసారం వినవచ్చు. అయితే వాక్యం కావాలన్నప్పుడు వాక్యమే రావాలంటే అందులో కుదరదు. దానికి మెమరీ కార్డులో బైబిలు పఠనం వేసిన చిన్న సెట్టు నయం. ఒకసారి కొంటే చాలు, నెలనెలా కట్టేది లేదు.

ఇంతవరకు లెక్కల మాట. ఇప్పుడు మా తప్పు ఒకటి ఒప్పుకొనవలసి ఉన్నది.

కొన్నేళ్ళ క్రితం మా సంఘంలో ఒక మామ్మగారు మంచాన పడ్డారు. ప్రతి గురువారం వెళ్ళి, వాక్యం చదివి, ప్రార్థన చేసి వచ్చేవారము. యౌవనస్థులు తలా కొంత వేసుకుని, బైబిలు వినిపించే అటువంటి సెట్టే ఆమెకు కొనిపెట్టారు. ఆమె ఎంతో సంతోషించారు. ఆ తరువాత మా గురువారాలు పలచబడ్డాయి. రెండు వారాలకొకసారి అయింది, పిమ్మట నెలకొకసారి అయింది. మామ్మగారికి వాక్యం అందుతూనే ఉంది కదా అని మాకు మేమే సర్దిచెప్పుకున్నాము.

ఒకనాడు వెళ్ళేసరికి సెట్టు కట్టేసి దిండు పక్కన ఉంది. "పాడైందా మామ్మగారూ?" అని అడిగాము. "లేదండి అయ్యగారూ, బాగానే ఉంది. అన్నీ చెబుతుంది. కాని నన్నేమీ అడగదండి" అన్నారామె.

ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. వినుటవలన విశ్వాసం కలుగుతుందని పౌలు వ్రాసినది సత్యమే (రోమా 10:17). అయితే విధవరాండ్రను పరామర్శించమని యాకోబు వ్రాసినది కూడా సత్యమే (యాకోబు 1:27). మొదటిదానికి యంత్రం సాయపడుతుంది. రెండవదానికి మనిషే వెళ్ళాలి. మేము మాత్రం మొదటిది ఇచ్చి, రెండవది తప్పించుకున్నాము. మరుసటి గురువారంనుండి మళ్ళీ వెళ్ళడం మొదలుపెట్టాము. ఆమె ప్రభువు సన్నిధికి చేరేవరకు మానలేదు.

కువైట్ సహోదరునికి ఇదంతా చెప్పి, చివర ఇలా అన్నాము: "అమ్మకు వినే సెట్టు కొనిపెట్టు బాబూ, అది మంచి పనే. చందా పెట్టించాలనుకుంటే ఎన్నాళ్ళు కట్టగలవో ముందు చూసుకో. కాని సెట్టు పెట్టించాను గదా అని నీ ఫోను తగ్గించకు. రోజూ ఒకే వేళకు చెయ్యి. ఏమి తిన్నావమ్మా, మోకాలి నొప్పి ఎలా ఉందమ్మా అని అడుగు. ఇక్కడ మేము వెళ్ళి వస్తుంటాము." అటునుండి కాసేపు మాట లేదు. తరువాత "సరేనండి అయ్యగారూ" అన్నాడు.

ప్రియులారా, మీ వీధిలో సెట్టు పలుకుతున్న ఇల్లు ఉంటే, లోపల ఎవరో ఒంటరిగా ఉన్నారేమో ఈ వారమే తొంగిచూడండి. కూర్చుని, ఎలా ఉన్నారని అడగండి. చెప్పేది పూర్తయ్యేవరకు వినండి. అట్టి ఓపిక ప్రభువు మనందరికి దయచేయును గాక. ఆమేన్.