కాటా చెప్పేదెంత, ఊహించేదెంత?

మా అక్కది ఎమ్మిగనూరు. పోయిన నెల పొద్దున్నే ఫోన్ చేసింది. "నాకు 49 ఏళ్లే కదరా, ఈ మిషను 58 అంటాంది. ఒంట్లో కొవ్వు 36 శాతమంట!"

సంగతేమిటంటే, మేనకోడలు బెంగళూరు నుంచి సెల్‌ఫోన్‌కు కలిసే బరువు కాటా పంపింది. ఎక్కి నిలబడితే చాలు. బరువు, కొవ్వు, నీరు, కండ, ఎముక, 'శరీర వయసు' అన్నీ వరసగా వచ్చేస్తాయి. అది చూసి అక్క రాత్రిపూట జొన్నరొట్టె మానేసింది. బరువు దిగాలని నీళ్లు తాగడమూ తగ్గించింది. వారానికి బరువు కిలోన్నర తగ్గింది కానీ కొవ్వు 38కి ఎక్కింది. "తిండి మానేస్తే కొవ్వు పెరిగేదేందిరా?" అంటూ ఏడుపు గొంతుతో మళ్లీ ఫోన్. ఆదివారం బస్సెక్కాను.

నేను ఆదోని పత్తి మార్కెట్లో గుమాస్తాను. పొలం కౌలుకివ్వక ముందు అక్కావాళ్లు పత్తి మా యార్డుకే తెచ్చేవాళ్లు. తేమ మీటరు సంగతి ఆమెకు బాగా తెలుసు. తేమ 8 శాతం దాటితే సీసీఐ ధరలో కోత, 12 దాటితే అసలు కొనరు. ఆ మీటరు పత్తిలోకి కొంచెం కరెంటు పంపి, అది ఎంత సులువుగా పారుతుందో చూస్తుంది. తడి ఉంటే సులువుగా పారుతుంది.

"నీ కాటా చేసేదీ అదేనక్కా" అన్నాను.

కాటా నిజంగా తూచేది బరువు ఒక్కటే. తర్వాత ఒక పాదం నుంచి ఇంకో పాదానికి మనకు తెలియనంత చిన్న కరెంటు పంపుతుంది. కండలో నీరు ఎక్కువ, అందులో బాగా పారుతుంది. కొవ్వులో నీరు తక్కువ, అక్కడ అడ్డం తగులుతుంది. ఆ అడ్డాన్ని కొలిచి, మనం ఫోన్లో నింపిన వయసు, ఎత్తు, ఆడా మగా కలిపి, ఒక సూత్రంతో మిగతావన్నీ అంచనా వేస్తుంది. అక్క నీళ్లు తగ్గించింది కాబట్టి కరెంటుకు అడ్డం పెరిగింది. దాన్ని మిషను కొవ్వనుకుంది. తగ్గిన కిలోన్నరలో నీళ్ల బరువే ఎక్కువ అయ్యుంటుంది.

అక్క ఊపిరి పీల్చుకుంది. నా చూపు మాత్రం బావ మీద పడింది.

బావకు 54 ఏళ్లు. బరువు 61 కిలోలు, కాళ్లూ చేతులూ సన్నం. కాటా ఆయన్ను అన్నింట్లో 'నార్మల్' అంది. కానీ చొక్కా గుండీల దగ్గర పొట్ట తెలుస్తోంది. పాదం నుంచి పాదానికి పోయే కరెంటు ఎక్కువగా కాళ్లలోనే తిరుగుతుంది. పొట్ట సంగతి దానికి అంతగా అందదు. పొట్టలోపలి కొవ్వు అని చూపించే అంకె కూడా లెక్కగట్టిందే.

పుణె డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యూడ్కిన్ 2004లో 'లాన్సెట్' పత్రికలో తమ లెక్కలే బయటపెట్టారు. ఇద్దరికీ ఎత్తుకు తగ్గ బరువు సూచీ ఒకటే, 22.3. కొవ్వు మాత్రం యూడ్కిన్‌కు 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నగా కనిపించే మనవాళ్ల ఒంట్లో కొవ్వు అలా దాక్కుంటుంది.

పక్కింటి టైలరు దగ్గర టేపు తెచ్చి, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన, ఊపిరి వదిలాక బావకు చుట్టాను. 97 సెంటీమీటర్లు. మన దేశంలో మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్తపడమంటారు. మర్నాడే పరీక్ష చేయిస్తే పరగడుపున షుగరు 168 వచ్చింది. ఇప్పుడు డాక్టరు చెప్పిన మాత్రలు వేసుకుంటున్నాడు, పొద్దున్నే నడుస్తున్నాడు. అక్క రొట్టె మళ్లీ మొదలుపెట్టింది.

మీ ఇంట్లోనూ అలాంటి కాటా ఉంటే పారేయనక్కర్లేదు. వారానికోసారి పొద్దున్నే, బాత్రూముకు వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, చాప మీద కాకుండా గట్టి బండల మీద పెట్టి, ఉత్త కాళ్లతో ఎక్కండి. ఒక్కరోజు అంకె చూసి బెంబేలు పడకుండా, రెండు మూడు నెలల్లో ఎటు పోతోందో చూడండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు ఈ కొలత జోలికి పోవద్దు. ఆ కాటా పక్కనే ఒక టేపు కూడా పెట్టుకోండి. ఖరీదు తక్కువే, ఛార్జింగూ అక్కర్లేదు.