కాఫీ కర్ర, కుక్కపిల్ల పళ్లు

గత ఫిబ్రవరి మాసంలో విద్యార్థులతో కలిసి అరకులోయకు విహారయాత్ర వెళ్లినప్పుడు ఒక గిరిజన రైతు తోటలో చూచిన చిన్న దృశ్యమే ఈ వ్యాసానికి మూలము. పండ్ల కోత ముగిసినది. రైతు కాఫీ మొక్కల ముదురు కొమ్మలను కత్తిరించి కుప్ప వేయుచున్నాడు. ఆ కుప్ప ప్రక్కనే ఆయన కుక్కపిల్ల బొటనవ్రేలంత లావు కొమ్మను ముంగాళ్ల మధ్య ఇరికించుకొని, లోకమును మరచి కొరుకుచున్నది. "ఈ కొమ్మలను ఏమి చేస్తారు?" అని అడిగితిని. "ఏటి సేత్తాం బాబూ, పొయిలో ఎట్టుకుంటాం" అన్నాడు. మా విద్యార్థి ఒకడు నవ్వి, పట్నంలో తమ ప్రక్కింటివారు తమ కుక్క కొరికేటందుకు ఇటువంటి ముక్కనే కొన్ని వందల రూపాయలిచ్చి కొన్నారని చెప్పినాడు. రైతు నమ్మలేదు.

కొరుకుట జంతువుకు అల్లరి కాదు, అవసరము. కుక్కపిల్లకు ఇరువది ఎనిమిది పాలపళ్లు ఊడి నలుబది రెండు పళ్లు వచ్చు నెలలలో చిగుళ్లు సలుపును. అప్పుడది చెప్పునైనా కొరుకును, కుర్చీకోడునైనా కొరుకును. కుందేలు, ఎలుక జాతుల ముందుపళ్లు జీవితాంతము పెరుగుచునే యుండును. అరుగదీయుటకు గట్టివస్తువు లేకున్న ఆ ప్రాణి మేత తినలేని స్థితికి వచ్చును. (రామచిలుక కూడా కొయ్యను కొరుకును, కాని దానిని పంజరంలో పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరము గనుక, దాని ముక్కు సంగతి అడవికే వదలుదము.)

అంగళ్లలో దొరకు సరుకు చూడండి. ప్లాస్టిక్ ఎముకలు తునిగి కడుపులోనికి పోవును. ఎండు తోలు ముక్కలు లోపల ఉబ్బి ప్రేగుల కడ్డుపడవచ్చును. వండిన ఎముక సూదివలె చీలును. ఇవన్నియు చూచియే కాబోలు, ఐరోపా, అమెరికా దేశాలలో కాపు ఉడిగిన కాఫీ చెట్ల కర్రను నున్నగా కోసి కుక్కలకు అమ్ముచున్నారు. ఆ కర్ర గట్టిది. పుల్లలుగా చీలక నారవలె మెల్లగా అరుగునట. వియత్నాం తోటల కర్రకు ఈ గౌరవము దక్కుచుండగా, 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా తోటల కర్ర పొయ్యిపాలగుట నాకు కష్టముగా తోచినది.

ఈ మాట అధ్యాపకుల గదిలో అన్నప్పుడు ఒక మిత్రుడు కోపించినాడు: "కొండమీద మనిషికే గంజి చాలక పోతుంటే, నీవు పట్నపు కుక్కల ఆటవస్తువుల గురించి వ్రాస్తావా?" ఆ కోపము న్యాయమైనదే. కాని ఆ గంజి కొరకే నేను వ్రాయుచున్నాను. గింజ అమ్ముడగు కాలము ఏటికి ఒక్కటే. కత్తిరింపు తరువాతి వేసవి నెలలలో చేతికి డబ్బు కరవు. అడ్డాకు కొండపై కట్టగా చవుకగా పోయి, పట్నంలో విస్తరిగా ధర పలుకుట మన మెరిగినదే. కర్రకు కూడ అదే గతి పట్టరాదన్నచో, కోత, నునుపు, తూకము అన్నియు తోటలోనే జరుగవలెను. 1956 నుండి ఉన్న గిరిజన సహకార సంస్థ కాఫీ గింజను కొనుచున్నది. కర్రను కూడ కొనుమని అడుగుటలో తప్పేమి?

అయితే తొందర పనికిరాదు. ఏటికొప్పాక లక్కబొమ్మల అంకుడు కర్రను కూడ ఇందుకు వాడవచ్చునని కొందరన్నారు. నేనొప్పుకొనను. అంకుడు మెత్తనిది, బొమ్మకు తగినది, కుక్కపంటికి ఆగదు; పైగా అది అడవి చెట్టు. కాఫీ మొక్క రైతు నాటుకొన్నది, కొమ్మ ఎటులైనను కత్తిరింపవలసినదే. కాండము తొలుచు పురుగు పట్టిన మొక్కను మాత్రము కాల్చివేయవలెనే గాని అమ్మరాదు. లేనిచో రోగమును ఊరూరికి పంచినట్లగును. ఇక కెఫీను కుక్కకు విషము. అది గింజలోను లేత ఆకులలోను ఎక్కువ. కర్రలో లేదని అమ్మువారి మాట. అమ్మువారి మాటపై ఒక మూగప్రాణిని పరీక్షకు పెట్టుట నాకిష్టము లేదు. గరివిడి పశువైద్య కళాశాలకు, ఆర్.వి.నగర్ కాఫీ పరిశోధనా కేంద్రమునకు నమూనాలు పంపి అడుగవచ్చును.

కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపము ఇంతే: వచ్చే ఏటి విహారయాత్ర కోత ముగిసిన తరువాత ఉండునట్లు చూచి, వృక్షశాస్త్ర, వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు ఈ పని అప్పగింపుడు. ఎన్ని మొక్కలకు ఎంత కర్ర వచ్చునో, ఎండుటకు ఎన్నాళ్లు పట్టునో, రైతుకు ఏ ధర గిట్టునో లెక్క తేలును. ఆ రైతు ఇచ్చిన రెండు కొమ్మలు మన వృక్షశాస్త్ర ప్రయోగశాలలో కిటికీ ప్రక్క ఎండుచున్నవి. ఒకదానిపై కుక్కపిల్ల పంటిగుర్తులున్నవి, చూడదలచినవారు చూడవచ్చును.