దిద్దేవాడి పొరపాటు

జవాబు పత్రాలు దిద్దే రోజుల్లో మా యింట్లో నాతో యెవరూ మాట్లాడరు. ఎర్రసిరా చేతికొస్తే నా గుణమే మారిపోతుందని మా ఆవిడ అభిప్రాయం. మొన్న ఒక కుర్రవాడు రాసిన సలక్షణమైన వాక్యాన్ని నిర్దాక్షిణ్యంగా కొట్టేశాను. ఆనక చూసుకుంటే తప్పు నాదే! సరిగ్గా అప్పుడే, మా సిద్దిపేటకు వంద కిలోమీటర్ల దూరాన హైదరాబాదులో, నాలాంటి దిద్దరినే పట్టుకున్నారని చదివాను.

మన ఒంట్లో ప్రతి కణానికీ ప్రోటీన్లు కావాలి. వాటికి ముడిసరుకైన ఎమినో ఆమ్లాలను నెత్తిన మోసుకొచ్చే హమాలీ పేరు టీ-ఆర్.ఎన్.ఏ. మట్టిలో ఒంటరిగా తిరుగుతూ, ఆకలేసినప్పుడు వేలకొద్దీ చేరి ఒకే ప్రాణిలా పాకే అమీబాలో కూడా వీడున్నాడు. అక్కడ హమాలీ తలకట్టు చెడితే, దాన్ని దిద్దే ఎంజైము అక్షరాలను తిరగేసి, చివరినుంచి మొదటికి పేరుస్తుంది. తెలుగు మాస్టరుకు యిది మహా ముచ్చటగా తోచింది లెండి!

హబ్సిగూడాలోని సి.సి.ఎం.బి.లో రాజన్ శంకరనారాయణన్ గారి బృందం పరిశోధించిన ఎంజైము వేరు. దాని పేరు డి.టి.డి. ఎమినో ఆమ్లాలకు మన చేతులకు మల్లే కుడి యెడమలుంటాయి. ప్రోటీన్లలోకి యెడమవే పోవాలి. పొరపాటున కుడిది హమాలీ నెత్తికెక్కితే డి.టి.డి. దింపేస్తుంది. కుడిదాన్ని యెలా పోల్చుకుంటుందంటారా? పోల్చుకోదు! యెడమవాటిని తన అరలోకి రానివ్వదు, అంతే. రాగలిగినదల్లా దాని లెక్కలో తప్పే.

చిక్కంతా గ్లైసీనుతో వచ్చింది. దానికి కుడీ లేదు, యెడమా లేదు. ప్రోటీన్లలో వుండవలసిన పెద్దమనిషే. కాని పాపం, ఆ అరలో పట్టేస్తుంది! డి.టి.డి. దాన్నీ దింపేస్తుందని ఆ బృందమే 2016లో చూపించింది. మరి బాక్టీరియాలు బతుకుతున్నదెలా? ఇ.ఎఫ్.-టి.యు. అనే ప్రోటీను, గ్లైసీను మూటతో వున్న హమాలీని అడ్డుపడి కాపాడుతుంది. డి.టి.డి.ని మోతాదుకు మించి తయారు చేయించినప్పుడు ఆ కాపలా చాలక కణానికే ముప్పొచ్చింది. గ్లైసీను అదనంగా అందిస్తే చాలావరకు తేరుకున్నది.

చదవడం ఆపి ఆ కుర్రవాడి కాగితం వెతికాను. నా గీతను నేనే కొట్టేసి రెండు మార్కులు వేశాను. కట్టలో యింకా నలభై రెండు వున్నాయి, అన్నీ నిన్న దిద్దినవే. "అన్నం చల్లారిపోతోంది" అంటోంది మా ఆవిడ. మళ్ళీ మొదటినుంచి విప్పాను.