కిన్నెరసాని గట్టు మీద మనం చెప్పలేకపోయిన జవాబు



మొన్న సెలవుల్లో మా హాస్టల్ నుంచి పదకొండు మందిమి కొత్తగూడెం, పాల్వంచ, కిన్నెరసాని తిరిగొచ్చాం. ఫొటోలు గ్రూపులో పెట్టాం, మీరంతా లైకులు కొట్టారు. కానీ ఫొటోల్లో పడని సంగతి ఒకటుంది. అది చెప్పడానికే ఈ పోస్టు. కాస్త పెద్దదైంది, ఓపిగ్గా చదవండి.

కొత్తగూడెం అంటే బొగ్గు. పెద్దవాళ్లు ఇప్పటికీ బొగ్గుట్ట అని పిలిచే ఇల్లందు దగ్గర 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త బొగ్గు గుర్తించాడు. 1920లో సింగరేణి కంపెనీ ఏర్పడింది. ఇప్పుడు దాని హెడ్డాఫీసు కొత్తగూడెంలోనే. పక్కనే పాల్వంచలో కేటీపీఎస్. బొగ్గు ఇక్కడిది, కరెంటూ ఇక్కడే పుడుతుంది. ఆ ప్లాంటుకు కావలసిన నీళ్ల కోసం కట్టిందే కిన్నెరసాని డ్యాం. ఇదంతా పోటీ పరీక్షల కోసం మనం బట్టీ పట్టిందే.

పాల్వంచలో ఆటో అన్న ఒక ఖాళీ జాగా చూపించి, "పాత కూలింగ్ టవర్లు అక్కడే ఉండేవి" అన్నాడు. 2024 ఆగస్టులో ఎనిమిదింటినీ పేల్చి పడగొట్టారు. క్షణాల్లో కూలిపోయాయి. ఆ వీడియో మనందరి ఫోన్లలోకీ వచ్చింది. "పుట్టినప్పటి నుంచి చూస్తున్నా, ఊరు బోసిపోయింది" అని ఆయన బాధపడ్డాడు. ఆ బాధ నిజమైందే. టవర్లూ ఊరి జ్ఞాపకమే కదా.

అక్కణ్నుంచి కిన్నెరసాని పోయాం. జింకల పార్కు చూశాం, బోటింగ్ చేశాం, గట్టెంట చాలాసేపు నడిచాం. చుట్టూ 635 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. నీళ్లలో మొసళ్లున్నాయి. చూడాల్సిన చోటే, అందులో అనుమానం లేదు.

గట్టు మీద మా ఇంటర్ తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, ఈ నీళ్లు నిండకముందు ఇక్కడ ఎవరుండేవాళ్లు? ఎవరి పొలాలివి?"

మాలో డిగ్రీ చదివినోళ్లున్నారు, పీజీ చేస్తున్నోళ్లున్నారు. ఒక్కరం కూడా జవాబు చెప్పలేకపోయాం.

కిన్నెరసాని గురించి విశ్వనాథ సత్యనారాయణ రాశారని తెలుసు. ఆయన పాటల్లో ఆమె అలిగి వాగైపోయిన కోడలు. మంచిదే. మరి మన తాతలు ఈ వాగును ఏమని పిలిచేవాళ్లు, ఏ రేవులో దాటేవాళ్లు, ఏ చెట్టు కింద పండగ చేసేవాళ్లు? తెలుగులో ఏరు అంటే పారే వాగు. మన కోయ భాషలో ఏరు అంటే నీళ్లే. ఇంత చిన్న మాట కూడా మాలో ముగ్గురికి తెలియదు.

"పిక్నిక్‌కు పోయి కూడా ఇవేం గొడవలు?" అని కొందరంటారు. మేం బోటింగ్ వద్దనడం లేదు, బొగ్గు తప్పనడం లేదు. ఆ బాయిల్లో, ప్లాంటుల్లో మనవాళ్లూ పనిచేశారు. మేమనేది ఒక్కటే. టవర్లు కూలితే వీడియోలున్నాయి, నీటికింద పోయినవాటికి జ్ఞాపకం ఉన్న పెద్దవాళ్లే ఉన్నారు. వాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. మణుగూరు దగ్గరి సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. కోయ వీరుల కథలు, సమ్మక్క సారలమ్మ కథ పాడే డోలి కళాకారుడాయన. 2024లో పోయారు. ఆయన గొంతులో ఉన్నదాంట్లో మనం ఎంత దాచుకున్నాం?

ఎవరో వచ్చి బోర్డు రాయలేదని తిట్టుకుంటూ కూర్చుంటే లాభం లేదు. ముందు రాయాల్సింది మనం. అందుకే మా మాట:

ఒకటి, దసరా సెలవులకు ఇంటికెళ్లినప్పుడు ప్రతి ఒక్కరూ ఒక అవ్వనో తాతనో కూర్చోబెట్టి గంటసేపు రికార్డు చేయండి. వాగు పేర్లు, రేవులు, గుట్టలు, పాత ఊళ్లు అడగండి. రికార్డు చేసే ముందు వాళ్లను అడిగే చేయండి.

రెండు, కోయ మాటలను కోయలోనే ఉంచి, పక్కన తెలుగు రాయండి.

మూడు, ఈసారి కిన్నెరసాని పోయేటప్పుడు ఒక పెద్దమనిషిని వెంట తీసుకుపోదాం. చార్జీలు తలా కొంత వేసుకుందాం. ముందు ఆయన నడుస్తాడు, వెనకాల మనం వింటూ నడుద్దాం.

తమ్ముడి ప్రశ్న ఇంకా గట్టు మీదే ఉంది. మీ ఇంట్లో జవాబు తెలిసినవాళ్లుంటే కింద రాయండి.

జై ఆదివాసీ.