అమ్ముకునే దారి కూడా చూపండి

భారత రిజర్వ్ బ్యాంకు గవర్నర్ గారికి,

తిరుపతి నుంచి రాస్తున్న లేఖ ఇది.

2021 నవంబర్ 12న మొదలైన రిటైల్ డైరెక్ట్ పథకంతో ప్రభుత్వ బాండ్లు సామాన్యుడికి నేరుగా అందాయి. ఖాతాకు రుసుము లేదు, 10,000 రూపాయలుంటే చాలు. దేవస్థానంలోనో విశ్వవిద్యాలయంలోనో పనిచేసి రిటైరైనవారికీ, చిత్తూరు మామిడి రైతుకూ ఆరు నెలలకోసారి వడ్డీ చేతికొస్తుంది. అసలుకు ప్రభుత్వమే పూచీ.

అయితే ఆ పూచీ గడువు దాకా ఆగినవారికే. ఆసుపత్రి ఖర్చు, పిల్ల పెళ్లి, ఎండిన బోరు 30 ఏళ్లు ఆగవు కదా! మధ్యలో డబ్బు కావాలంటే బాండును మార్కెట్ ధరకు అమ్ముకోవాల్సిందే. 7 శాతం వడ్డీతో 100 రూపాయలకు కొన్న 30 ఏళ్ల బాండు, మార్కెట్ వడ్డీ వెంటనే 8 శాతానికి పెరిగితే సుమారు 89 రూపాయలే పలుకుతుంది. బ్యాంకు డిపాజిట్‌కు అలవాటుపడ్డ మనిషికి ఈ సంగతి ముందుగా ఎవరు చెప్పాలి?

మా మనవి మూడే. కొనేముందే ఈ లెక్క తెలుగులో కనిపించాలి. చిన్న మొత్తాలకు ప్రైమరీ డీలర్లు (ప్రభుత్వ బాండ్లు కొని అమ్మే సంస్థలు) ధర చెప్పేలా 2022లో ఏర్పాటు చేశారు. ఒక్కో దీర్ఘకాలిక బాండుకు వారు కొనే ధరకూ అమ్మే ధరకూ ఎంత తేడా ఉందో రోజూ ప్రకటించండి. కొన్నవారు కాలం చేస్తే వారసులు ఏం చేయాలో తిరుపతి, చిత్తూరుల్లో శిబిరాలు పెట్టి వివరించండి.

దాచుకున్న సొమ్ము దేశానికి అప్పివ్వడానికి మేం సిద్ధం. షరతులు మాత్రం మాకు అర్థమయ్యే భాషలో చెప్పండి.

ఇట్లు,
ఒక చిన్న మదుపరి