రెండు గీతల నడుమ మన్యము

2022 జూలై 16వ తేదీన భద్రాచలమువద్ద గోదావరి నీటిమట్టము 71.3 అడుగులకు చేరెను. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరద తరువాత ఆ రేవున అంత నీరు చూచినవారు లేరు. కూనవరము, వరరామచంద్రపురము, వేలేరుపాడు, కుకునూరు మండలములలో ఊళ్లకు ఊళ్లు మునిగినవి. కోయలు, కొండరెడ్లు పిల్లలతో, మేకలతో, ధాన్యపు మూటలతో గుట్టలెక్కి టార్పాలిను పట్టాల క్రింద తలదాచుకొనిరి. ఇండ్లలో బురద యారకమునుపే రెండు రాజధానులలో వివాదము రేగినది. భద్రాచలము పట్టణము నానుకొనియున్న అయిదు గ్రామములను తిరిగి తమకీయవలెనని తెలంగాణ పక్షము. అట్లైనచో విభజననంతటిని తిరుగదోడవలసి వచ్చునని ఆంధ్ర పక్షము. పోలవరమువలననే వరద పెరిగినదని యొకరు, కాదని మరియొకరు. గుట్టలమీద నున్నవారికి ఆనాడు కావలసినవి బియ్యము, త్రాగునీరు, పాముకాటు మందు. ఈ మూడింటికిని సరిహద్దుతో సంబంధము లేదు.

ఈ సీమ యే జిల్లాలోనిదని బడిపిల్లవాడు అడిగినచో ఉపాధ్యాయుడు మొదట ఏ సంవత్సరమునాటి మాటయని తిరిగి యడుగవలసియుండును. గోదావరికి ఎడమగట్టున నున్న భద్రాచలము తాలూకా 1959 వరకు తూర్పుగోదావరి జిల్లాలోనిది; ఆ యేట ఖమ్మము జిల్లాలో కలిసెను. 2014లో పోలవరము ముంపు మండలములు తెలంగాణనుండి వేరుపడినప్పుడు చింతూరు, కూనవరము, వరరామచంద్రపురము, పట్టణము మినహా భద్రాచలము మండలము తూర్పుగోదావరికిని, కుడిగట్టున నున్న కుకునూరు, వేలేరుపాడు పశ్చిమగోదావరికిని వచ్చినవి. 2022 ఏప్రిలులో చింతూరు ప్రాంతము పాడేరు కేంద్రముగా నేర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరెను. అనగా చింతూరు కోయ రైతు జిల్లా కచేరీలో పని పడినచో ఒకప్పుడు ఖమ్మము, పిదప కాకినాడ, ఆ మీదట పాడేరు పోవలసినవాడయ్యెను. జబ్బు చేసినప్పుడు మాత్రము దగ్గరనున్న పెద్ద ఆసుపత్రి భద్రాచలమే. రోగికి రాష్ట్రము మారలేదు.

2014నాటి వాదప్రతివాదములు పాఠకులు మరచియుండరు. మే 29వ తేదీన కేంద్రము ఆర్డినెన్సు వెలువరించినది. ఆనాడే తెలంగాణలో బందు జరిగెను. జూలైలో పార్లమెంటు దానిని చట్టము చేసెను. ఒక పక్షము 1959కి ముందుకాలమును ప్రమాణముగా జూపెను. రెండవ పక్షము ఆ తరువాతి అర్ధశతాబ్దమును జూపెను. (కుడిగట్టు గ్రామములు పూర్వము నిజాము రాజ్యములోనివి కావున మొదటి ప్రమాణము వానికి వర్తింపనే వర్తింపదు, ఆ వేడిలో ఈ మాట పట్టించుకొన్నవారు తక్కువ.) ఇరుపక్షములవారును గిరిజనుల మేలు కోరియే మాటాడుచున్నామనిరి. అయినను ఆ మేలులో మొదటిదగు ప్రాతినిధ్యమునకు ఏమైనదో చూడుడు. ఈ మండలములవారు 2014 ఏప్రిల్ 30న తెలంగాణ నియోజకవర్గములలో వోట్లు వేసిరి. నెల తిరిగినంతనే రాష్ట్రము మారెను. వారెన్నుకొన్న శాసనసభ్యులు తెలంగాణ సభలోనే యుండిరి. 2019 ఏప్రిలులో మరల వోటువేయువరకు, దాదాపు అయిదేండ్లు, ఏ ప్రభుత్వము తమ భూమిని సేకరించుచున్నదో ఆ ప్రభుత్వపు శాసనసభలో వారు వోటువేసి పంపినవాడొక్కడును లేడు. తమవియని రెండు రాష్ట్రములు పెనుగులాడిన గ్రామములకు మాటాడు నోరు లేకపోయెను.

రాష్ట్రములను విడదీయు గీత యొకటియైతే, నీటిమట్టపు గీత రెండవది. పోలవరము జలాశయపు పూర్ణమట్టము 45.72 మీటర్లు, అనగా నూటయేబది అడుగులు. తొలిదశలో నీరు నిలుపదలచినది 41.15 మీటర్లకు, అనగా నూటముప్పదియైదడుగులకు. 2024 ఆగస్టులో కేంద్రమంత్రివర్గము ఆమోదించిన నిధులును ఈ తొలిదశకే. రెంటికిని నడుమ పదునైదడుగులు. ఈ మండలములలో చదువురానివారికి సైతము ‘కాంటూరు’ అను ఆంగ్లపదము తెలియును. ఎవరి యిల్లు ఏ కాంటూరులోనిదో దానినిబట్టియే ప్యాకేజీ. 2022 వరదలో తొలిదశ జాబితాలో లేని గ్రామములును మునిగినవి. పదునైదడుగుల నడుమ చిక్కిన కుటుంబము పైకప్పు మార్చుకొనవలెనా? మామిడిమొక్క నాటవలెనా? పిల్లను ఆ యూరి సంబంధమున కీయవచ్చునా? పోవలసినదేయని తేలినవాడు ఏడ్చియైనను మూట గట్టుకొనును. ఏటేట పత్రికలలో మట్టపు లెక్కలు మారుచుండగా వినువానికి ఆ పాటి నిశ్చయము గూడ లేదు. ప్రాజెక్టు మొత్తముమీద లక్షకు మించిన కుటుంబములు కదలవలసినవని ప్రభుత్వపు లెక్క. ఈ నిరీక్షణవలన చెడిన నిద్రలకు ఏ లెక్కయు లేదు.

వాదమే గాయము చేయగలదని గుర్తించిన దేశము లేకపోలేదు. ఆస్ట్రేలియాలో ఆదిమజాతులవారు నూటికి నలుగురైనను లేరు. పార్లమెంటుకు సలహా చెప్పుటకై వారికొక ప్రాతినిధ్యసంఘమును రాజ్యాంగములో నెలకొల్పవలెనా యని 2023 అక్టోబరు 14న ప్రజాభిప్రాయము సేకరించిరి. నూటికి అరువదిమంది వలదనిరి. ఇక్కడ గమనింపదగినది ఫలితముకంటె దానికి ముందు జరిగిన పని. నెలల తరబడి సాగు ప్రచారములో తమ యునికినిగూర్చి ఇతరులు తర్కించుట వినవలసివచ్చు జనులకు మనోవేదన తప్పదని యెంచి, అచ్చటి ప్రభుత్వము వారి మానసికారోగ్యమునకై ముందుగనే ప్రత్యేకముగా ధనము కేటాయించినది. అది చాలినదా యన్నది వేరు ప్రశ్న. గోదావరి మన్యములో అట్టి యాలోచనయైనను ఎవరికి కలిగినది? ముంపు గ్రామములకు సర్వేయరు వచ్చెను, నాయకులు వచ్చిరి, పత్రికలవారు వచ్చిరి.

చట్టము లేక కాదు. గిరిజనప్రాంతములలో భూసేకరణకు, పునరావాసమునకు ముందు గ్రామసభను సంప్రదింపవలెనని 1996నాటి పంచాయతీల విస్తరణ చట్టము చెప్పుచున్నది. ముందుగా గ్రామసభ సమ్మతి పొందవలెననియు, కదలింపక తప్పనిచో సాధ్యమైనంతవరకు ఆ షెడ్యూల్డు ప్రాంతములోనే యొక్కచోట నిలుపవలెననియు 2013నాటి భూసేకరణ చట్టము విధించినది. కాని పోలవరమునకు తొలినాటి సేకరణ 1894నాటి చట్టము క్రిందనే జరిగెను. ఒక్కచోట నిలుపుట యనునది చిన్నమాట కాదు. జీలుగుచెట్టు, వెదురుపొద, పోడు, ఊరి వేల్పు ఉన్నచోట కొండరెడ్డి యొక గృహస్థు. వరుసగా కట్టిన కాలనీ యిండ్లలో అతడొక ‘లబ్ధిదారుడు’. 1879లో చిగురుపన్నుపై రంప తిరుగబడుటకు మూలము కల్లుచెట్టేయని చరిత్ర చదివినవా రెరుగుదురు.

డెల్టావాసికి ఈ విషయమున తీరికగా తీర్పుచెప్పు హక్కు కొంచెము తక్కువ. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనది మొదలు ఆ నది నీటితోనే డెల్టా పండినది. పోలవరమువలన లాభపడదలచినదియు మైదానమే. ఆ కోరిక తప్పని యనవలసిన పని లేదు. నీరు నిజముగా కావలసినదే. కాని రాజమహేంద్రవరపు సభలలో ‘జీవనాడి’ యనువారును, ‘జలసమాధి’ యనువారును కొండరెడ్డిని వేదికమీద కూర్చుండబెట్టి అతని మాట కడవరకు వినుట అరుదు. అతని మాతృభాష తెలుగే గావున దుబాసీ గూడ అక్కరలేదు. కోయలకు వారి భాష యున్నది. గ్రామసభలో నోటీసు తెలుగులో చదివి ముగించినచో ఆ ముసలమ్మ చేసిన సంతకము సమ్మతి యగునా?

పాఠశాలలలో ‘పోలవరము వరమా, శాపమా’ యని వక్తృత్వపు పోటీ పెట్టుట సులభము. ప్రాస కుదిరినది, రెండు పక్షములు తేలికగా నేర్పడును. ఆ తరగతిలో వేలేరుపాడునుండి వచ్చి వసతిగృహములో నుండు కోయబాలిక యొకతె యున్నదనుకొందము. చీటి తీసినప్పుడు ఆమెకు ‘వరము’ వచ్చినచో తన యిల్లు మునుగుట మేలని యయిదు నిమిషములు ఉపన్యసింపవలెను. ‘శాపము’ వచ్చినచో తన దుఃఖమునకు మార్కులు వేయించుకొనవలెను. ఉపాధ్యాయుడు అంశము మార్చవచ్చును. నదిలో నీటిమట్టము ఎట్లు కొలుతురో, వెనుకనీరు అనగానేమో, గ్రామసభకు ఏ యధికారములు కలవో చెప్పవచ్చును. ఆ బాలిక సెలవులకు ఇంటికి పోయినప్పుడు తన యూరు ఏ గీతకు ఏ వైపున నున్నదో తండ్రికి చదివి చెప్పగలుగును. ఆ జాబితాలు తెలుగులోను కోయలోను బడిగోడపై, ఆషాఢపు వరదకు ముందే, ఏటేట వ్రాయించుట మండల కచేరీ చేయదగిన పని. దానికి ఏ రాష్ట్రముతోను వివాదము తీరనక్కరలేదు.