మస్టరులో లేని ఆడకూలీ

తెల్లాపూర్‌లో లేస్తున్న అపార్టుమెంట్ల పక్కన రేకుల షెడ్లలో బతికే వలస స్త్రీలకు గుర్తింపు లేదనడం అర్ధసత్యం. నంబర్లకు కొదవ లేదు. ఆధార్‌కు పన్నెండు అంకెలు, 2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్‌కు మరో పన్నెండు. అయినా ప్రసూతి సహాయం ఎందుకు అందదు?

నిర్మాణ కార్మికుల 1996 చట్టం ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్లు రుజువు అడిగింది. భార్యాభర్తల కూలిని జంటగా లెక్కగట్టి మేస్త్రీ మగవాడి పేరే రాసుకుంటే, ఆమె ఆ రుజువు ఎక్కడ తేవాలి? ప్రతి వలస కార్మికురాలికీ ఫోటోతో పాసుపుస్తకం ఇవ్వాల్సింది కాంట్రాక్టరేనని 1979 చట్టం చెప్పింది. ఈ రెండు చట్టాలూ 2025 నవంబరులో లేబర్ కోడ్‌లలో కలిసిపోయాయి. సామాజిక భద్రతా కోడ్ 142వ సెక్షన్ నమోదుకూ, లబ్ధికీ ఆధార్ అడుగుతోంది. అంటే యజమాని చూపాల్సిన లెక్క పోయి, ఇటుకలు మోసి అరిగిన ఆమె వేలిముద్ర మిగిలింది!

స్త్రీ పేరు రాయడం రాజ్యానికి చేతకాదా? 2013 ఆహార భద్రతా చట్టం రేషన్ కార్డులో పెద్ద వయసు స్త్రీనే ఇంటి పెద్దగా రాయమంది. వంటింటి గింజల దగ్గర పెద్ద, కూలి దగ్గర భర్త నీడ. పితృస్వామ్యం ఇంట్లోనే కాదు, మస్టరు రోల్‌లోనూ ఉంది.

అందుకే మనం అడగాల్సింది మరో కార్డు కాదు. మస్టరులో ఆమె పేరు విడిగా ఉండాలి. కూలి ఆమె చేతికే రావాలి. మస్టరు లేనిచోట తోటి కార్మికుల, సంఘాల సాక్ష్యం చెల్లాలి. నిర్మాణ వ్యయంపై వసూలయ్యే ఒక శాతం సెస్సులో ఆమె చెమటా ఉంది. అది దానం కాదు, బాకీ.